సమానమైన పడవ, సమానమైన బండి

2024వ సంవత్సరము ఆగస్టు నెలలో, ఫ్రాన్సు దేశపు మార్సెయ్ రేవున పారిస్ ఒలింపిక్ క్రీడల తెరచాప పడవ పందెములు ముగిసినప్పుడు, నెదర్లండ్సు దేశీయురాలగు మారిట్ బావ్‌మీస్టర్ అను ముప్పదియారేండ్ల వనిత స్వర్ణపతకమును గెలుచుకొనెను. 2012లో లండనున రజతమును, 2016లో రియోలో స్వర్ణమును, ఆ పిమ్మట టోక్యోలో కాంస్యమును పొంది, 2022లో ఒక బిడ్డకు తల్లియై, మరల నీటిమీదికి వచ్చి, వయస్సున తనకంటె ఎంతయో చిన్నవారగు యువతులతో పోటీపడి ఆమె సంపాదించిన ఈ నాలుగవ పతకముతో, ఒలింపిక్ తెరచాప పందెముల చరిత్రలో ఆమెతో సరితూగు స్త్రీ మరియొకతె లేకపోయెను.

ఈ వృత్తాంతమును కోయంబత్తూరున నివసించు తెలుగువాడు తెలుగు పత్రికకు వ్రాయుట కొందరికి వింతగా తోచవచ్చును. మా ఊరికి సముద్రము లేదు. నొయ్యలు నది యున్నదన్న మాటయే గాని, సంవత్సరమున అధికభాగము దానిలో పారునది ఊరి మురుగునీరే. అయినను ఆ డచ్చి వనిత చరిత్రను చదువునప్పుడెల్ల నా దృష్టి ఆమె క్రింద నున్న పడవమీదనే నిలిచిపోవుచున్నది. ఏలయనగా ఆ పడవకు ఆధారమైన ధర్మమునే మా ఊరి తెలుగు కుటుంబములో పుట్టినవాడొకడు, నేటికి ముప్పదియైదేండ్లకు పైబడిన కాలమునకు పూర్వము, నాలుగు చక్రములమీద నిలిపి దేశమునకు చూపెను. ఆ పని విలువను మనము నేటికిని సరిగా గుర్తింపలేదనియు, దానిని మన తెలుగు తీరమున నీటిమీద మరల చేయవలసియున్నదనియు నా దృఢమైన నమ్మకము.

ముందుగా ఆ పడవను గూర్చి. పూర్వము దానిని లేజర్ రేడియల్ అనిరి, ఇప్పుడు ఐ.ఎల్.సి.ఏ. 6 అనుచున్నారు. పొడవు నాలుగు మీటర్లకు కొంచెము మించును. ఒక స్తంభము, ఒక తెరచాప, ఒక చుక్కాని, నీటిలోనికి దించు ఒక పలక, చేతిలో ఒక త్రాడు: ఇంతకంటె చెప్పుకొనదగిన సామగ్రి దానిలో లేదు. నడపువారు అంచున కూర్చుండి, పడవ నడుమ నిలువుగా బిగించిన పట్టీ క్రింద పాదములు దూర్చి, గాలిపోటునకు పడవ ఒరిగిపోకుండ తమ దేహభారమునంతయు వెలుపలికి వాల్చి, తొడల కండలు మండుచుండగా ఒక చేత చుక్కాని పిడిని, రెండవ చేత తెరచాప త్రాటిని పట్టుకొని, చెంపకు తగులు గాలి దిక్కు వీసమంత మారినను పసిగట్టి, రాబోవు అలకు తగినట్లు నడుమును ముందునకో వెనుకకో కదల్చుచు, గంటసేపు అట్లే యుండవలెను. ప్రపంచమున ఏ దేశమున తయారైనను ఈ పడవ కొలతలు ఒక్కటియే. తెరచాప వైశాల్యము ఒక్కటియే. ఒలింపిక్ పందెములలోనైతే పడవలను నిర్వాహకులే తెచ్చి పోటీదారులకు పంచిపెట్టుదురు. కావున ధనవంతుని పడవ ముందునకు దూసికొనిపోయెను, లేనివాని పడవ వెనుకబడెను అను మాటకు అచ్చట తావు లేదు. చెన్నపట్టణపు నేత్రా కుమనన్ టోక్యోలోను, పారిస్ క్రీడలలోను అదే తరగతి పడవనెక్కి, అదే గాలిలో, అదే మారిట్‌తో పోటీపడినది. వారిద్దరి నడుమ తేడా ఇరువురి అభ్యాసములో నున్నది, అభ్యాసమునకు దొరికిన సంవత్సరములలో నున్నది, పుట్టిన ఊరిలో నున్నది. పడవలో మాత్రము లేదు.

పిల్లలకు దీనికంటె చిన్నదియగు ఆప్టిమిస్ట్ అను పడవ యొకటి కలదు. దాని పుట్టుక నాకు మిక్కిలి ప్రీతికరమైన కథ. 1947లో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రమున, క్లియర్‌వాటర్ అను ఊరిలో, పిల్లలు చెక్కపెట్టెలతో చేసికొన్న ఇంజను లేని బండ్లను వాలుమీద దొర్లించి పందెములాడుచుండగా చూచిన పెద్దలు, నీటిమీద కూడ ఇట్టి చౌకబండి యొకటి పిల్లలకుండరాదా యని తలచి, క్లార్క్ మిల్స్ అను పడవల మేస్త్రిని అడిగిరి. రెండు ప్లైవుడ్ పలకలు కోసికొని తండ్రీకొడుకులు ఇంటి దొడ్డిలో బిగించుకొనదగిన పెట్టెవంటి పడవను ఆయన గీసి యిచ్చెను. అందచందములు లేని ఆ పెట్టె ప్రపంచమంతట వ్యాపించి, ఇప్పటి తెరచాప వీరులలో పెక్కుమందికి ఓనమాలు దిద్దించినది. బండినుండి పుట్టిన తలపు పడవయైనప్పుడు, పడవలోని ధర్మము బండికి వర్తించుటలో ఆశ్చర్యమేమున్నది?

మారిట్ పుట్టిన వార్టెనా గ్రామము ఫ్రీస్లాండు సీమలోనిది. అచ్చట పొలమునకును పొలమునకును నడుమ కాలువ. కాలువ దాటినచో సరస్సు. పూర్వము సరుకులు మోసిన బల్లపరుపు తెరచాప పడవలను నేటికిని భద్రపరచి, ప్రతి వేసవిలో ఊరికొక పడవ చొప్పున పందెములకు దింపి, గెలుపోటములను ఊరి పరువుగా భావించు జనులు వారు. అట్టి గడ్డమీద పుట్టిన బిడ్డకు పడవ దొరకుట మనయింట బిడ్డకు పలక దొరకుటవంటిది. ఆమె ప్రతిభకు నేను లోపము కల్పించుట లేదు. ప్రతిభ అన్ని గడ్డలమీదను పుట్టును గాని, దానికి వాహనము దొరకు గడ్డలు కొన్నియే యని మాత్రము చెప్పుచున్నాను.

డచ్చివారు మనకు క్రొత్తవారు కారు. పదునేడవ శతాబ్ది ఆదిలో 1605లో మచిలీపట్టణమునకును, 1610లో పులికాటునకును వచ్చి వర్తకము సాగించిన ఈ తెరచాప జనులే 1658లో తూత్తుకుడిని పోర్చుగీసువారి చేతినుండి లాగికొనిరి. అప్పుడు మధురను ఏలుచున్నవాడు మన తిరుమల నాయకుడు. మహళ్ళు కట్టించుటలోను, గోపురములు లేపుటలోను అంత దూరదృష్టి గల ఆ తెలుగు ప్రభువుల వంశము తమ రాజ్యపు తీరమున ముత్యముల వేటలో భాగము పుచ్చుకొని తృప్తిపడెనే గాని, సముద్రముమీద తమ నావలను నిలుపుకొనవలెనని తలంపలేదు. మధురలో వండియూరున తిరుమల నాయకుడు త్రవ్వించిన తెప్పకొలను చూచినవారికి ఆ కాలపు నిర్మాణ సామర్థ్యమును గూర్చి సందేహముండదు. నలుదిక్కుల రాతిమెట్లు, నడుమ మండపము; తై మాసపు పున్నమినాడు మీనాక్షీ సుందరేశ్వరులను తెప్పమీద నుంచి, గట్టునుండి జనులు త్రాళ్ళుపట్టి లాగుచు మండపము చుట్టు త్రిప్పుదురు. ఆ ఉత్సవము నాకు ఎంతో ఇష్టము. అయినను అంత చక్కని నీటిని, అంత చక్కగా కట్టిన గట్టును చూచినప్పుడు, ఈ ఊరి పిల్లలకు ఇక్కడ ఒక చిన్న పడవనైన నేర్పియున్నచో ఎట్లుండెడిదో యని అనుకొనకుండ ఉండలేను.

ఇక మా కోయంబత్తూరు. విజయనగర కాలమునను, ఆ తరువాత నాయకరాజుల కాలమునను తెనుగుసీమనుండి దక్షిణమునకు తరలివచ్చిన కుటుంబములు నల్లరేగడి నేలలు వెదకికొని ఈ ప్రాంతమున ఊళ్ళు కట్టుకొన్నవి. ఇంట తెలుగు, వీధిలో తమిళము. అక్షరమును పెక్కుమంది మరచిరి గాని పలుకును మరువలేదు. పండించినది ప్రత్తి గనుక, గింజ తీయు యంత్రము, వడకు యంత్రము, నేయు యంత్రము ఒకదాని వెనుక నొకటి వారి యిండ్లకు చేరువైనవి. 1888లో రాబర్ట్ స్టేన్స్ అను ఆంగ్లేయుడు తొలి నూలుమిల్లును నిలిపెను. 1910లో కుప్పుస్వామి నాయుడుగారి లక్ష్మీ మిల్స్ పుట్టెను. 1926లో పీలమేడు నాయుళ్ళు తమ ఆస్తిలో ఒక పాలు ధర్మమునకు విడిచి పి.ఎస్.జి. సంస్థను నెలకొల్పిరి, 1930 దశకపు ఆరంభమున నీలగిరులనుండి పైకారా జలవిద్యుత్తు దిగివచ్చుటతో మిల్లులు వరుసగా లేచినవి. మగ్గములో ఒక పండ్లచక్రము విరిగినచో ఇంగ్లండునుండి ఓడమీద మరియొకటి వచ్చువరకు మిల్లు ఆగియుండుటకు వీలులేదు. విరిగిన ముక్కను ఇసుక అచ్చులో పోతపోసి, లేతుమీద చెక్కి, రాత్రికి రాత్రి బిగింపగల మేస్త్రీలు ఈ అవసరమునుండియే తయారైరి. పంపుసెట్టులు, మోటారులు, గ్రైండరులు అన్నియు ఆ మేస్త్రీల చేతులనుండి వచ్చినవే.

ఈ చేతులకు మూలపురుషుడు జి.డి. నాయుడుగారు. 1893లో కలంగల్ గ్రామమున పుట్టిన ఆయన, పల్లెకు వచ్చిన ఆంగ్ల ఉద్యోగి మోటారు సైకిలును చూచి ఆకర్షితుడై, కోయంబత్తూరుకు వచ్చి హోటలులో పనిచేసి సొమ్ము కూడబెట్టి, రడ్జ్ కంపెనీ బండినొకదానిని కొని, దానిమీద ఊరేగుటకు బదులు మొదట దానిని మరమరగా విప్పి, దేనికేది ఆధారమో తెలిసికొని, మరల బిగించెను. 1920లో పొల్లాచి, పళని ఊళ్ళ నడుమ ఒక బస్సును తానే నడుపుచు ప్రారంభించిన వ్యాపారము యూనివర్సల్ మోటార్ సర్వీస్ అను పెద్ద సంస్థయైనది. 1937లో బాలసుందరం నాయుడుగారితో కలసి ఈ ఊరిలోనే దేశపు తొలి విద్యుత్ మోటారును చేయించెను. యంత్రమును కొన్నవాడు దానికి యజమాని. దానిని విప్పి బిగించినవాడు దానికి చుట్టము. కోయంబత్తూరు తెలుగువారు యంత్రములకు చుట్టములైరి.

కరివర్ధన్ ఈ చుట్టరికమునకు వారసుడు. లక్ష్మీ మిల్స్ కుటుంబమున 1954లో జన్మించిన ఆయన కోరియున్నచో విదేశపు పందెపు కార్లను దిగుమతి చేసికొని, చెన్నపట్టణ సమీపమున షోళవరములో, రెండవ ప్రపంచయుద్ధ కాలపు విమానపు బాటమీద జరుగు పందెములలో గెలుచుచు, కప్పులు అలమారులో పేర్చుకొనుచు జీవితమును గడపియుండవచ్చును. ఆ కాలమున భారతదేశపు మోటారు పందెముల స్వరూపమే అట్టిది. దిగుమతి ఆంక్షలను దాటి ఇంగ్లండులో పాతబడిన రేసుకారు నొకదానిని తెప్పించుకొనగల శ్రీమంతుడొకవైపు. ఫియట్టు కారునో, హెరాల్డు కారునో ఊడబీకి, బరువు తగ్గించి, ఇంజనుకు ప్రాణము పోసి తెచ్చిన ఔత్సాహికుడు మరియొకవైపు. జెండా ఊపకముందే ఫలితము సగము తెలిసిపోయెడిది. కరివర్ధన్ స్వయముగా పందెగాడు. తన సూపర్ స్పీడ్స్ బృందముతో ఆ బాటమీద పేరు గడించినవాడు. ఆ లోపమునకు బాధపడి, గెలుచువాడు తానైయుండియు దానిని సరిదిద్ద పూనుకొనుటలో ఆయన గొప్పతనమున్నది.

1983 డిసెంబరులో దేశమున ప్రవేశించిన మారుతి 800 కారు కొన్ని సంవత్సరములలోనే మధ్యతరగతి యింటి బండియైనది. దాని మూడు సిలిండర్ల, 796 సి.సి. ఇంజను ప్రతి ఊరిలోను దొరకెడిది. దాని మరలు ప్రతి మెకానికునకును తెలిసియుండెడివి. కరివర్ధన్ 1988 ప్రాంతమున ఆ ఇంజనును తీసికొని, ఉక్కుగొట్టములు అతికించి చేసిన తేలికపాటి చట్రములో డ్రైవరు వీపు వెనుక నిలిపి, చక్రములు వెలుపల కనబడునట్లుగా, ఒక్కరే కూర్చుండదగిన పందెపు కారును రూపొందించెను. దానికి ఫార్ములా మారుతి అని పేరు వచ్చెను. దాని వేగము ఐరోపా పందెగాండ్రకు నవ్వు పుట్టించునంత తక్కువ. కాని దానిలో కూర్చున్నవానికి నేలకు జానెడెత్తున, కాళ్ళు ముందునకు చాచుకొని, దారిలోని ప్రతి గరుకును వెన్నెముకతో తెలిసికొనుచు, మలుపున ఎప్పుడు బ్రేకు త్రొక్కవలెనో, ఎప్పుడు విడువవలెనో నేర్చుకొనక తప్పదు. బలమైన ఇంజను డ్రైవరు పొరపాటును మరుగుపరచును. బలహీనమైన ఇంజను దానిని బయటపెట్టును. మలుపున పోగొట్టుకొన్న వేగమును తిరిగి సంపాదించుకొనుటకు ఆ చిన్న ఇంజనులో శక్తి లేదు గనుక, పోగొట్టుకొనకుండుటయే విద్యయగును. గాలి తక్కువైననాడు తెరచాప పడవ నడపువారికి పట్టు పరీక్షయు ఇదియే. అందరికిని అదే చట్రము, అదే ఇంజను, అవే టైర్లు. చెడిపోయినచో మరమ్మతు ఖర్చు స్వల్పము. మారిట్ ఎక్కిన పడవలోని ధర్మమంతయు, ఆ పడవను బహుశా ఎన్నడును ఎక్కని మా ఊరివాడు చేసిన ఈ చిన్నకారులో నున్నది.

1995లో విమాన ప్రమాదమున, తన నలుబదియొకటవ యేట, కరివర్ధన్ మరణించెను. కోయంబత్తూరు సమీపమున చెట్టిపాళయము వద్ద, రెండు కిలోమీటర్లకు కొంచెము మించిన పందెపు బాటకు ఆయన పేరు పెట్టి కరి మోటార్ స్పీడ్‌వే అనుచున్నారు. ఆయన పోయిన పిమ్మటను ఊరు ఆ మార్గమును విడువలేదు, ఎల్.జి.బి. కంపెనీ పేరున నడచుచున్న ఫార్ములా 4 పందెములలో నేటికిని యువకులు ఒకేరీతి కార్లతో పోటీపడుచున్నారు.

ఆయన నాటిన విత్తనము ఫలించెనా యని అడుగువారికి నారాయణ్ కార్తికేయన్ చరిత్రయే సమాధానము. ర్యాలీ పందెములలో దేశప్రఖ్యాతి గాంచిన జి.ఆర్. కార్తికేయన్ కుమారుడగు ఇతడు కోయంబత్తూరున పెరిగి, 1992లో ఫ్రాన్సులోని ఎల్ఫ్ విన్‌ఫీల్డ్ పందెపు పాఠశాలలో శిక్షణ పొంది, స్వదేశమున శ్రీపెరుంబుదూరు బాటమీద ఫార్ములా మారుతి కారునే నడిపి, పిమ్మట ఇంగ్లండునకు పోయి, 1994లో బ్రిటిష్ ఫార్ములా ఫోర్డ్ శీతకాల పందెములలో విజేతయై, 1996లో ఫార్ములా ఆసియా ఛాంపియనై, 1999లో బ్రిటిష్ ఫార్ములా 3లో పందెములు గెలిచి, 2005 మార్చిలో ఆస్ట్రేలియాలో జోర్డాన్ కారునెక్కి ఫార్ములా వన్ పోటీలో పాల్గొన్న తొలి భారతీయుడయ్యెను.

ఇచ్చట పాఠకుడు కొంచెము నిదానించి చూడవలెను. ఫార్ములా వన్‌లో కార్లు సమానములు కావు. కోట్లు కుమ్మరించు బృందమునకు వేగమైన కారు, లేనివారికి నెమ్మదిగల కారు. నారాయణ్‌కు లభించినవి వెనుకవరుస బృందములే. 2005 జూన్‌లో ఇండియానాపొలిస్‌లో టైర్ల వివాదముచే పదునాలుగు కార్లు తప్పుకొనగా, ఆరు మాత్రమే పరుగెత్తిన పందెమున నాలుగవవాడై, ఐదవస్థానమున నిలిచిన డచ్చి డ్రైవరు క్రిస్టియాన్ ఆల్బర్స్ కంటె ముందుగా గీత దాటి ఐదు పాయింట్లు పొందెను. అతని ఫార్ములా వన్ జీవితమున పాయింట్లు దక్కినది ఆ ఒక్కనాడే. 2011లోను, 2012లోను హిస్పానియా బృందపు కారుతో మెల్బోర్న్ పందెమునకు అర్హతయే పొందలేకపోయెను. ఈ లెక్కలు చూచి ఇతడు సామాన్యుడని తీర్పు చెప్పినవారు మన దేశమున ఎందరో. వారు మరియొక లెక్క చూడరైరి. దేశములవారీగా, అందరికిని ఒకే విధమైన కార్లనిచ్చి నడపిన ఏ1 గ్రాండ్‌ప్రీ పందెములలో, 2007 డిసెంబరున చైనాలోని జుహాయిలోను, మరుసటి యేడు ఇంగ్లండులోని బ్రాండ్స్ హ్యాచ్‌లోను, భారతదేశపు కారును మొదటిస్థానమున నిలిపినవాడు ఈ నారాయణే. కారు సమానమైన చోట ప్రపంచమును గెలిచెను. కారు అసమానమైన చోట వెనుకబడెను. కరివర్ధన్ కారులో ఓనమాలు నేర్చినవాని జీవితమే కరివర్ధన్ సిద్ధాంతమునకు సాక్ష్యమైనది. ఆటగాని జీవితమును అంకెలతో తూచువారు ముందుగా ఆ అంకె ఏ వాహనముమీద వచ్చినదో విచారింపవలెనని నా మనవి.

అయినను ఊరిమీది అభిమానముచే సత్యమును దాచరాదు. ఫార్ములా మారుతి చౌక కారు. శ్రీమంతుని ఇంపోర్టెడ్ కారుతో పోల్చినప్పుడు మాత్రమే చౌక. మిల్లు యజమాని కుమారునికిని, వర్తకుని కుమారునికిని నడుమ నున్న గోడను అది కూల్చినది. మిల్లు కార్మికుని కుమారునకు ఆ గోడ అట్లే నిలిచియున్నది. కోయంబత్తూరున తెలుగు మాటలాడువారందరును నాయుళ్ళు కారు. తరతరములుగా తోలుపనియు, పారిశుద్ధ్యపు పనియు నెత్తిన వేయబడిన అరుంధతీయుల ఇండ్లలోను తెలుగే పలుకుచున్నారు. మధురలోను, దాని చుట్టుపట్ల పల్లెలలోను ఎన్నియో తెలుగు కుటుంబములు కూలినాలి చేసి బ్రతుకుచున్నవి. ఇంజను, పెట్రోలు, టైర్లు, అద్దెబాట అను ఖర్చులు ఎంత తగ్గించినను ఈ బిడ్డలను ఆ కారులో కూర్చుండబెట్టజాలవు. ఇచ్చటనే పడవ కారును మించినది. దానికి ఇంధనము గాలి. గాలికి ధర లేదు. ఒకసారి చేసిన పడవ, సరిగా కాపాడుకొన్నచో, ఎందరో పిల్లలకు ఏండ్ల తరబడి ఉపయోగపడును.

కావున నా చూపు మా ఊరినుండి తెలుగు తీరమువైపు మరలుచున్నది. ఇచ్ఛాపురము మొదలుకొని తడ వరకు సుమారు 1,000 కిలోమీటర్ల సముద్రతీరము, గోదావరి, కృష్ణ, కొల్లేరు, పులికాటు, ఊరూర చెరువు: నీటికి కొదువలేదు. మనవారికి సామర్థ్యము లేదా? 2017 సెప్టెంబరు 10న గోవానుండి బయలుదేరి, ఆరుగురు నౌకాదళ వనితలు తారిణి అను తెరచాప నావలో భూమిని చుట్టి, 2018 మే 21న తిరిగివచ్చిరి. ఆ ఆరుగురిలో ఇరువురు మన ఆడుబిడ్డలు: విశాఖపట్టణపు పాతర్లపల్లి స్వాతి, హైదరాబాదు బొడ్డపాటి ఐశ్వర్య. దక్షిణ మహాసముద్రపు చలిలో, కేప్ హార్న్ కొమ్మును దాటి వచ్చిన వారి పేర్లు మన బడిపిల్లలలో ఎందరికి తెలియునో ఉపాధ్యాయులే చెప్పవలెను. ఆ నావ గోవాలో కట్టినదే అయినను, దాని నమూనా గీసినది నెదర్లండ్సులోని వాన్ డి స్టాట్ సంస్థ. హైదరాబాదున హుస్సేన్‌సాగర్‌మీద సైనికుల తెరచాప పందెములు చిరకాలముగా జరుగుచున్నవి; 2009లో స్థాపితమైన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ బీద కుటుంబముల పిల్లలను, అందులోను ఆడపిల్లలను, చేరదీసి పడవ నేర్పుచున్నది; ఆ సాగరముమీద నేర్చిన కొంగర ప్రీతి దేశమునకు ప్రాతినిధ్యము వహించినది. నగరము నడుమ నున్న, నీటి శుభ్రతకు పేరుపడని ఒక్క చెరువు ఇంత చేయగలిగినప్పుడు, కాకినాడ ఏమి చేయవలెను? భీమునిపట్టణమేమి చేయవలెను? మచిలీపట్టణమేమి చేయవలెను?

మన తీరమున గాలిని చదువగల జనులు లేకపోలేదు. తెప్పమీద తెరచాప ఎత్తి వేటకు పోయిన తాతలుగల బెస్తపల్లెల పిల్లలు నేడు ఇంజను పడవల యుగమున పుట్టినవారు. తాతకు తెలిసిన విద్య వారికి అందకముందే కరగిపోవుచున్నది. తెరచాప పందెమును మనము క్లబ్బులవారి వినోదమని తలచుచున్నాము. ఏలయనగా మనము చూచినంతవరకు దానిని క్లబ్బులవారే ఆడుచున్నారు. ఫ్రీస్లాండున దానిని ఊరివారు ఆడుదురు. పిల్లలకు చదువు ముఖ్యము గాని పడవ పందెములేల అని ప్రశ్నించు పెద్దలున్నారు. వారి ఆదుర్దా నాకు తెలియును. కాని త్రాటిని ఎంత బిగించిన తెరచాప ఎంత నిండునో, గాలికి ఎదురుగా పోవలసినప్పుడు అటునిటు వంకరగా పోయి గమ్యము ఎట్లు చేరవలెనో చేతులారా నేర్చిన పిల్లవానికి భౌతికశాస్త్రము పరాయిదగునా? అంతకుమించి, సముద్రము ప్రక్కన పుట్టి ఈత రాక మునిగిపోవుచున్న పిల్లలను గూర్చిన వార్తలు ప్రతి వేసవియందును ఈ పత్రికలలోనే చదువుచున్నాము. పడవ నేర్పువాడు ముందు ఈత నేర్పక తప్పదు. ఆ ఒక్క ప్రయోజనమే చాలును.

చేయవలసిన పని పెద్దది కాదు. ఆప్టిమిస్ట్ పడవ కొలతలు ప్రపంచమెరిగినవి. మన తీరమున మత్స్యకారులకు ఫైబరు పడవలు పోతపోయు మేస్త్రీలున్నారు. అచ్చు ఒకటి ఇచ్చినచో ఆ చేతులే ఈ పడవను కూడ చేయగలవు. స్తంభమునకు, చుక్కానికి వలయు లోహపు బిగింపులు కోయంబత్తూరు లేతులమీద తయారగుట కష్టము కాదు. రేవుకు పది పడవలు, ఒక శిక్షకుడు, పిల్లలందరికి ప్రాణరక్షక చొక్కాలు, వెంట నడచుటకు ఒక ఇంజను పడవ: ఇంతతో ప్రారంభింపవచ్చును. ప్రభుత్వము స్థలమును, అనుమతిని ఇచ్చిన చాలును. పడవలన్నియు ఒకే అచ్చులోనివి కావలెను. ఏ దాత కుమారునకును ప్రత్యేకమైన తెరచాప ఉండరాదు. ఈ ఒక్క నిబంధనలో సడలింపు వచ్చిననాడు మిగిలినదంతయు వ్యర్థమగును.

కోయంబత్తూరు తెలుగు పారిశ్రామికులారా, మీ పూర్వులు విడిచివచ్చిన నేలమీద మీరు దేవాలయములకు గోపురములు కట్టించుచున్నారు, అన్నసత్రములకు విరాళములిచ్చుచున్నారు, అది పుణ్యకార్యమే. ఈ సంవత్సరము ఒక్కరైనను కాకినాడకు గాని మచిలీపట్టణమునకు గాని పోయి, ఒక బెస్తపల్లెను ఎన్నుకొని, అచ్చటి పిల్లలకు పది పడవలను కరివర్ధన్ పేర చేయించి ఇవ్వుడు.